ఉప్పు చూడని వేళ్లు

ఆ వానకాలమంతా మా ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ పిలవలేదు.

పిలిచే మనుషులు లేక కాదు. ఇద్దరు ఆడపిల్లలున్నారు. పెద్దది అనూహ్య, నాలుగో తరగతి. చిన్నది మనీష, ఒకటో తరగతి. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లు కాదు. వాళ్ల అమ్మ త్రివేణి అంతకు రెండేళ్ల ముందే జ్వరంతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు. ఆ వానకాలానికి ముందటి ఎండల్లో లింగస్వామి నన్ను రెండో పెళ్లి చేసుకుని, కొల్లాపూర్ దిక్కు నుంచి హాలియా దగ్గరి ఈ ఊరికి తెచ్చాడు. తెచ్చి మూడు నెలలు కాకముందే, నాట్లు పడగానే గొర్రెలను తోలుకుని దేవరకొండ గుట్టలకు పోయాడు. కాల్వ కింది ఊళ్లలో అంతే. వరి పచ్చగా ఉన్నన్నాళ్లు గొర్రె కాలు పెట్టే జాగా ఉండదు. కోతలయ్యాకే మంద తిరిగొస్తుంది.

పోయేముందు "పిల్లలు జర పైలం" అన్నాడు. నన్ను చేసుకున్నదే పిల్లల కోసమని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి వచ్చినదాన్నే. అయినా ఎవరైనా కొంచెం అబద్ధమాడితే బాగుండునని ఉండేది.

మనీష ఒకసారి నన్ను చిన్నమ్మా అనబోయింది. 'చిన్న' దాకా వచ్చి అక్క మొహం చూసి ఆగిపోయింది. అప్పటి నుంచి ఏం కావాలన్నా నా కొంగు పట్టుకుని లాగేది. అనూహ్య కొంగు కూడా లాగేది కాదు. నన్ను 'మీరు' అనేది.

"మీరు జడ గట్టిగ ఏస్తున్నరు."

"మీరు వ్యాను దాక రావొద్దు. మేం పోతం."

మా దిక్కు పిల్లలు తల్లిని నువ్వంటారు, అవ్వను నువ్వంటారు, దేవుడిని కూడా నువ్వనే అంటారు. మీరనేది బడిలో టీచర్లను, బ్యాంకులో సార్లను, ఆ ఇంట్లో నన్ను. అంత మర్యాద నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ఆ మర్యాద విన్నప్పుడల్లా వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోముకునేదాన్ని. ఆ వానకాలంలో మా గిన్నెలు అద్దాల్లా ఉండేవి.

పెత్రమాస నాడు జరిగిన తప్పు మాత్రం నాదే.

పెద్దలకు బియ్యమిచ్చే ఆ అమావాస్యకు పోయినవాళ్లు ఇంటికొచ్చి తిని పోతారని మా నమ్మకం. అందుకే వాళ్లకు ఇష్టమైనవి వండుతాం. వాళ్ల విస్తట్లో పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోరు. ఉప్పు కూడా చూడరు, ఎంగిలవుతుందని. ముందురోజు గుట్టల మీద సిగ్నల్ దొరికి లింగస్వామి ఫోన్ చేస్తే, ఏం వండాలని అడిగాను.

"ఏముంది, యాట కూర పెట్టు. యాటలు కోసే మారయ్యకు జెప్పిన, రెండు కిలోలు తెచ్చిస్తడు" అన్నాడు. పెద్దలందరికీ కలిపి చెప్పాడు, త్రివేణి పేరు ఎత్తకముందే సిగ్నల్ పోయింది.

గొర్రెల మనుషుల ఇల్లు. ఆ ఇంటి ఆడది యాట కూర తినకపోవచ్చని ఎవరికి తోస్తుంది? నాకు తోచలేదు. పొద్దున్నే లేచి, రుచి చూడకుండా, చేతి అంచనాతో వండాను. త్రివేణి ఫోటో ముందు విస్తరేసి వడ్డించాను. వాసనకు నాకే నోరూరింది. అప్పటికి త్రివేణి తల్లి బక్కవ్వ కూడా పక్క మండలం నుంచి బియ్యం మూట పట్టుకుని వచ్చి ఉంది.

అనూహ్య తానం చేసి తడి జడతో వచ్చి విస్తరి చూసింది.

"గదేంది?"

"మీ అమ్మకు, బిడ్డ."

"మా అమ్మ యాట కూర తినది" అంది. "సీసాతోటి పాలు పట్టి సాదిన గొర్రెపిల్లను కోసిన్నాటి సంది తినది. మీకు దెల్వదు."

నేను విస్తరి తీయబోయాను. బక్కవ్వ నా చెయ్యి ఆపింది. "పెట్టిన విస్తరి తీస్తరానే? ఒక్కమాట నన్ను అడిగితే నోరు అరిగిపోతుండెనా?"

అడగాల్సిందే. కానీ ఆమె బిడ్డ జాగాలో వచ్చి కూర్చున్నదాన్ని, ఆమె బిడ్డకు ఏమిష్టమో ఆమెనే అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కూర అలాగే విస్తట్లో చల్లారింది. అనూహ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లంతా ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే అవ్వ చెయ్యి పట్టుకుని పిల్లలిద్దరూ పోయారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. గడపలో నిలబడి చప్పట్లు విన్నాను.

పోయేముందు బక్కవ్వ చెప్పులు వేసుకుంటూ అంది. "దీపావళి దాక సూస్త. పిల్లలు నీ కాడ ఇమడకపోతే నేను తోల్కపోత. లింగస్వామికి గూడ జెప్పిన. సరే అన్నడు."

ఆమె తోలుకుపోతానన్న మాటకన్నా అతను సరే అన్నాడన్న మాట నాకు లోతుగా దిగింది. పిల్లలు పోయాక ఆ ఇంట్లో నేనెందుకు? గొడ్లపాకకు తాళం వేయడానికా? వాళ్లు నన్ను ఏమీ పిలవకపోయినా సరే, పిలవని ఆ ఇద్దరి కోసమే పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తున్నాను. ఆ మాట ఎవరికి చెప్పుకోను? తోమిన గిన్నెలనే మళ్లీ తోమాను.

దీపావళి పోయింది. వచ్చే ఆదివారం వస్తానని బక్కవ్వ కబురు పంపింది.

ఆ కబురొచ్చిన సాయంత్రమే బడి గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాదే. బడి మెసేజ్‌లు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి అనూహ్య రోజూ దాన్ని అలమర మీంచి తీసుకుని చదువుకుని, మాట్లాడకుండా మళ్లీ పెట్టేసేది. ఆ రోజు మాత్రం దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఏందట?" అన్నాను.

"సోమారం బడిల దయ్యాల పార్టీ. అందరు దయ్యాల లెక్క తయారై రావాలె. స్పూకీ స్నాక్స్ తేవాలె."

"స్పూనులా?" అంది మనీష.

"స్పూన్లు గాదే. దయ్యాల లెక్క కనవడే తినేటియి." కింద ఫోటోలున్నాయి. గోళ్లున్న వేళ్లు, ఎర్ర నరాల కనుగుడ్లు, తెల్ల దయ్యాలు. అన్నీ తినేవేనట. దాని కింద ఇంకేదో ఉంది. అనూహ్య దాన్ని మెల్లగా, తనకు తనే చెప్పుకున్నట్టు చదివింది. "తల్లి, పిల్లలు కలిసి చేయాలె. ఆ దినం తల్లులు గూడ బడికి రావాలె."

చదివి ఫోను అలమర మీద పెట్టేసింది.

పక్కింటి ఎస్తేరక్క ఆ బడిలోనే ఆయా. మర్నాడు పొద్దున గోడ మీంచి అడిగాను, ఇది నిజమేనా అని.

"నిజమే పుష్పా. పెద్ద పట్నాలల్ల చేస్తరట, మనోళ్లు గూడ మొదలువెట్టిన్రు. మా పాస్టరయ్యగారు దయ్యాల జోలికి పోవద్దన్నడు. గా దినం నేను సెలవు."

"మనకెందుకక్కా ఈ దయ్యాలు? తల్లి పోయిన పిల్లలు. ఆ అవ్వ వింటే నన్ను బతకనిస్తదా?"

"ఇయ్యది" అంది ఎస్తేరక్క, ఏమీ దాచకుండా.

పిల్లలను ఆ రోజు బడి మానిపించేద్దామని అనుకున్నాను. ఒంట్లో బాగాలేదని టీచరుకు చెప్పొచ్చు. సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతుంటే అనూహ్య వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. నా దగ్గరికి తనంతట తాను వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి. నేను తలెత్తలేదు, ఎత్తితే లేచిపోతుందని.

"గా పండుగ దినం సచ్చిపోయినోళ్లు ఇండ్లల్లకు వస్తరని వేరే దేశంల నమ్ముతరంట. టీచర్ జెప్పింది."

"అవునా."

"పెత్రమాసకు వచ్చి పోయినోళ్లు మల్ల వస్తరా?"

ఏరిన రాయిని మళ్లీ బియ్యంలోనే వేశాను.

"మా అమ్మ గా దినం తినకుంట పోయింది" అంది.

నెల రోజులుగా ఆ పిల్ల దాన్నే మోస్తోంది. నా మీద కోపమని అనుకున్నాను. కోపం కాదు, తల్లి ఆకలితో పోయిందన్న ఫికర్. నెల కింద అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"మీ అమ్మకు ఏమిష్టం?"

"మురుకులు. పల్లీలు. ఒక శేతుల గవి, ఒక శేతుల గివి వెట్టుకొని తింటుండె."

"అయితే మురుకుల పిండితోనే వేళ్లు చేద్దం. పల్లీబద్దను గోరు లెక్క అతికిద్దం" అన్నాను.

అనూహ్య నా వైపు చూసింది. "ముందు అమ్మకు వెట్టినంకనే బడికి" అంది. సరే అన్నాను. బక్కవ్వ పొద్దుగూకేటప్పుడు గాని రాదు, అప్పటికల్లా అన్నీ సర్దేయొచ్చని లెక్కేసుకున్నాను.

ఆదివారం పొద్దున ఎస్తేరక్క గోడ మీంచి ఒక బీట్‌రూట్, అరడజను కోడిగుడ్లు అందించింది. "నేనిచ్చిన్నని ఎవరికి జెప్పకు" అని మెల్లగా అంది.

వంటింటి నేల మీద చాప పరిచి ముగ్గురం కూర్చున్నాం. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, కాగిన నూనె పోసి వేడినీళ్లతో కలిపాను. పిండి ముద్ద కట్టాక అలవాటుగా గోరంత తీసి నాలుక మీద పెట్టుకోబోయాను. చటుక్కున అనూహ్య నా మణికట్టు పట్టుకుంది.

"ఎంగిలి చేయొద్దు. అమ్మకు వెట్టిందాక."

నేను ఆగిపోయాను. ఆ పిల్ల చెయ్యి నా మీద పడటం అదే మొదలు. జడ వేసేటప్పుడు కూడా నా చెయ్యి దాని తలకు తాకేది గాని, దాని చెయ్యి నాకు తాకేది కాదు. పిండంటిన చిన్న వేళ్లు, కొంచెం వేడిగా. అది వదిలేసినా నేను కాసేపు అలాగే కూర్చున్నాను. పిండిలో ఇంకా ఏం వేయాలో, ఏం వేశానో నాకు గుర్తులేదు.

"చేద్దమా?" అంది అనూహ్య.

మొదట చేసిన నాలుగు వేళ్లు మరీ లావయ్యాయి. నూనెలో పడగానే ఒకటి టప్పున పగిలింది. మనీష చప్పట్లు కొట్టి "దయ్యం పేలింది!" అని అరిచింది. నేను గబుక్కున పిల్లలిద్దరినీ వెనక్కి లాగాను. మిగతావి సన్నగా చేశాం. కణుపుల దగ్గర చాకుతో మూడు గీతలు, చివర తడిపిండి చుక్క పెట్టి పల్లీబద్ద. అనూహ్య గీతలు గీస్తే మనీష గోళ్లు పెట్టింది. ప్రతి రెండు గోళ్లకు ఒక పల్లీ దాని నోట్లోకి పోయింది. పల్లీలు వండినవి కావు కాబట్టి ఎంగిలి లెక్కలోకి రావని అనూహ్యే తీర్పిచ్చింది.

గుడ్లు ఉడకబెట్టి పొట్టు తీశాం. పుల్లకు దూది చుట్టి బీట్‌రూట్ రసంలో ముంచి వాటి మీద ఎర్ర నరాలు గీశాం. నడుమ ఒక్కొక్క మిరియం గుచ్చితే గుడ్లు నిజంగానే మమ్మల్ని చూడడం మొదలుపెట్టాయి. అరటిపళ్లను సగానికి కోసి నిలబెట్టి లవంగాలతో కళ్లు పెడితే తెల్ల దయ్యాలయ్యాయి. అవి నల్లబడకుండా నిమ్మకాయలు కోసి పైన రసం రుద్దాం. మనీష ఒక దయ్యానికి మూడు కళ్లు పెట్టింది. ఎందుకే అంటే "గది శివుని దయ్యం" అంది. అనూహ్య నవ్వింది. నేనూ నవ్వాను. ఇల్లంతా వేయించిన వాసన. ఆ వంటిల్లు నాది కాదన్న సంగతి కాసేపు నాకు గుర్తుకు రాలేదు.

పిండి అయిపోవచ్చింది. చివరి వేలును అనూహ్య చాలాసేపు చేసింది. చూస్తే మిగతావాటికన్నా చిన్నగా ఉంది, మొదటి కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది.

"వంకరపోయింది. సక్కగ జేయనా?" అని చెయ్యి చాచాను.

"వద్దు" అంది. పళ్లెం తన వైపు జరుపుకుంది. "అమ్మ సిటికెన వేలు గిట్లనే ఉంటుండె. జడ ఏసేటప్పుడు నా మెడకు తాకుతుండె."

ప్రతి పొద్దున ఆ జడ నేనే వేస్తున్నాను. గట్టిగా వేస్తున్నానని అది అంటే జుట్టు గురించనుకున్నాను. దాని మెడ మీద లేని ఆ వేలు గురించి నాకేం తెలుసు? ఆ వంకర వేలును ఒక్కదాన్నే నూనెలో వేసి, పొయ్యి మంట తగ్గించి, అది విరగకుండా గరిటెతో పట్టుకుని వేయించాను. అంత జాగ్రత్తగా నేను ఏదీ వేయించలేదు. దాన్ని త్రివేణి పేరు కొట్టించిన చిన్న స్టీలు పళ్లెంలో పెట్టాను.

అప్పుడే గుమ్మంలో వెలుగు తగ్గింది. తలెత్తి చూస్తే బక్కవ్వ. పొద్దుగూకేటప్పుడు వస్తుందనుకున్న మనిషి నడిమధ్యాహ్నం వచ్చి నిలబడింది. చంకలో ఖాళీ సంచి ఉంది. పిల్లల బట్టలు సర్దడానికి తెచ్చిందని చూడగానే తెలిసింది.

ఆమె కళ్లతో నేనూ చూశాను. నేల మీద చల్లిన పిండి. కోసిన నిమ్మకాయలు. ఎర్రని నీళ్లున్న గిన్నె. గుచ్చిన గుడ్లు. పళ్లెం నిండా మనిషి వేళ్లు. నడుమ నేను, నాకు అటొక పిల్ల, ఇటొక పిల్ల.

"అయ్యో నా బిడ్డలారా!" అని కేక పెట్టింది. "మొగోడు లేని ఇంట్ల పట్టపగలే బాణామతి వెడ్తున్నవానే! తల్లిని పోగొట్టుకున్న పిల్లలు నీకేం అన్నాలం జేసిన్రే!"

గోడవతల నుంచి ఎస్తేరక్క తల లేచింది. "మంత్రాలు గావు అవ్వా! బడి పని!"

"బడిల దయ్యాల పని ఇస్తరా?"

"ఇచ్చిన్రు. నేను గూడ నమ్మలే!"

బక్కవ్వ వినలేదు. వచ్చి పిల్లలిద్దరి రెక్కలు పట్టుకుని లేపింది. మనీష ఏడుపు మొదలుపెట్టింది. అలాంటప్పుడు నిజం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది. నాకు తోచింది ఒక్కటే.

"తిని సూపిస్త అవ్వా" అని ఒక వేలు చేతిలోకి తీసుకున్నాను.

"వద్దు! తినొద్దు!" అని అరిచింది అనూహ్య.

"సూసినవా!" అంది బక్కవ్వ. "తినొద్దని పిల్లకు గూడ తెలుసు. ఏం గలిపినవే దాంట్ల?"

చేతిలోని వేలు పళ్లెంలో పడేశాను. అంతా అయిపోయిందనుకున్నాను. సంచి నిండుతుంది, ఆటో వస్తుంది, ఇల్లు ఖాళీ అవుతుంది. మంత్రాలు చేసే ఆడదన్న పేరు మాత్రం నాకు మిగులుతుంది.

అనూహ్య అవ్వ చెయ్యి విడిపించుకుంది. వాళ్ల అమ్మ ఫోటో వైపు ఒకసారి చూసింది. కిందికి వంగి పళ్లెంలోంచి ఒక వేలు తీసి కరకరా కొరికింది.

తల్లికి పెట్టకముందు తినకూడదని పొద్దున నా చెయ్యి పట్టుకుని ఆపిన పిల్ల. కళ్లల్లో నీళ్లు కారుతుంటే నమిలి మింగింది.

"ఉప్పు లేదు" అంది.

బక్కవ్వకు అర్థం కాలేదు. మనవరాలి చేతిలోని మిగతా సగం లాక్కుని, వాసన చూసి, కొంచెం కొరికింది. ఆమె మొహంలో కోపం పోలేదు గాని, దాని పక్కన వంట తెలిసిన ఆడదాని అనుమానం వచ్చి చేరింది.

"ఉప్పు మర్సినవా?"

"సూడనియ్యలే అవ్వా" అన్నాను. "వాళ్లమ్మకు వెట్టిందాక ఎంగిలి చేయొద్దన్నది. పెత్రమాస నాడు తినకుంట పోయిందని."

బక్కవ్వ పళ్లెంలోని వేళ్ల వైపు చూసింది, పల్లీల గోళ్లు చూసింది. అప్పుడు విడిగా ఉన్న స్టీలు పళ్లెం కనబడింది. నెమ్మదిగా కింద కూర్చుని ఆ వంకర వేలును అరచేతిలోకి తీసుకుంది.

"పొట్టేలు తాడు సుట్టుకున్నది" అంది, దాని వంపును బొటనవేలితో తడుముతూ. "ఏడేండ్లది అప్పుడు. ఇడవకుంట పట్టుకున్నది పిచ్చి ముండ. కట్టు కట్టిచ్చినం గని సక్కగ అతకలే."

మనీష ఏడుపు ఆపి అవ్వ ఒళ్లో చేరింది. బక్కవ్వ ఆ వేలును తీసుకుపోయి ఫోటో ముందు తనే పెట్టింది. దాని పక్కన ఇన్ని పల్లీలు పోసింది. మేమందరం దాని ముందు కూర్చున్నాం. ఆమె ముక్కు చీదుకుని, "మిగిలిన వాటి మీద ఉప్పు, కారం సల్లుండ్రి. గిట్లనే పంపితె బడిల నవ్వుతరు" అంది.

సాయంత్రం పోయేటప్పుడు ఫోటో ముందున్న వేలును కొంగు చివర ముడేసుకుంది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది. అది ఖాళీగానే ఉంది.

"ఎండకాలం సెలవులల్ల పిల్లలను పంపు బిడ్డా" అంది గడప దాటుతూ. నన్నే అన్నదని నాకు ఆటో కదిలాక తెలిసింది.

దీపం పెట్టే వేళకు అనూహ్య వంటింట్లోకి వచ్చింది.

"నేను ముందు తిన్న గద. అమ్మకు కోపమొస్తదా?"

"రాదు. పిల్లలు తిన్నంకనే తల్లులు తింటరు."

"మీకెట్ల తెలుసు?"

సూటిగానే అడిగింది. నాకు పిల్లలు లేరు, తెలిసే దారి లేదు. "నాకు దెల్వదు" అన్నాను. "మా అమ్మ గట్లనే తింటుండె."

"మా అమ్మ గూడ" అంది. తర్వాత, "రేపు బడికి అమ్మ రాదు గద" అంది. అది అడగడం కాదు. రాదు బిడ్డా అన్నాను. తలూపి పోయి పడుకుంది.

మర్నాడు నన్ను రమ్మని అనూహ్య అనలేదు. డబ్బా బరువుగా ఉందని వంక పెట్టుకుని నేనే వ్యానెక్కాను. బడి వరండా అంతా నల్ల కాగితాల గబ్బిలాలు. పిల్లలు తెల్ల దుప్పట్లు కప్పుకుని ఒకళ్లను ఒకళ్లు భయపెట్టుకుంటున్నారు. తల్లులు మంచి చీరలు కట్టుకుని, పిల్లల పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. వేళ్లు అన్నిటికన్నా ముందు అయిపోయాయి. ఉప్పూకారం చల్లిన వేళ్లు కావాలని పిల్లలు తోసుకున్నారు. ఎవరు చేశారని టీచరమ్మ అడుగుతుంటే నేను స్తంభం వెనక్కి ఇంకొంచెం జరిగాను.

ఆమె నన్ను చూడనే చూసింది. ఫోను పైకెత్తి, "అనూహ్యా, మమ్మీని గూడ పిలువు, ఫోటో తీస్త" అంది.

"మమ్మీ గాదు టీచర్" అంది అనూహ్య.

గట్టిగానే అంది. పక్కన నిలబడ్డ తల్లులు తిరిగి చూశారు. నా చేతిలో ఖాళీ డబ్బా ఉంది. దాని మూత పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. వ్యాను ఎప్పుడు కదులుతుందో అనుకున్నాను.

అది దుప్పటి పైకెత్తి పట్టుకుని నా దగ్గరికి నడిచొచ్చింది. మొహాన కాటుక చారలు.

"నువ్వు రా" అంది. "గీడ మా నడుమ నిలబడు."

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అటు మనీష, ఇటు అనూహ్య, నడుమ నేను డబ్బా పట్టుకుని. కోతలయ్యాక మంద తోలుకుని వచ్చిన లింగస్వామి దాన్ని చూసి, దయ్యాల నడుమ నువ్వే బెదిరినట్టున్నవని నవ్వాడు. వంకర వేలు సంగతి అతనికి నేను చెప్పలేదు. చెప్పాలనుకుంటే అనూహ్యే చెప్పుకుంటుందని ఊరుకున్నాను.

ఇప్పుడు అది ఏడో తరగతి. జడ తనే వేసుకుంటుంది. ఏటా పెత్రమాసకు మురుకుల పిండితో ఒక వంకర వేలు చేస్తుంది. ఆ పూట ఇంట్లో ఎవరం ఉప్పు చూడం. నన్ను అమ్మా అనలేదు. అనదు, నేనూ అడగను. కోపమొస్తే మాత్రం ఇప్పటికీ "మీరు" అంటుంది. అన్నదంటే ఆ పూట నాకు అన్నం దిగదు, అదే వంటింట్లోకొచ్చి మొహం పక్కకు తిప్పుకుని "నువ్వు తిన్నవా?" అని అడిగేదాకా.